రెండిళ్ల తెగులు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, నరికేసిన కొండలన్నిటి మీదా మళ్లీ అడవి పెంచాలన్న ఉత్సాహం అమెరికా ఈశాన్య రాష్ట్రాలను పట్టుకుంది. అందరూ కోరిన చెట్టు తెల్ల పైన్. ఓడల తెరచాప స్తంభాలకూ, ఇళ్లకూ, కిటికీ చట్రాలకూ తరతరాలుగా కలప ఇచ్చింది అదే. అడిగినంత నారు పోసి ఇవ్వగల నర్సరీలు మాత్రం అక్కడ లేవు. జర్మనీ, ఫ్రాన్స్ నర్సరీలు ఆ నారునే తక్కువ ధరకు పెంచి ఓడల్లో పంపేవి. 1909లో జర్మనీ నుంచి దిగిన నారులో తుప్పు తెగులు బయటపడింది. దాన్ని కలిగించే శిలీంధ్రం పేరు క్రోనార్షియం రిబికోలా. అంతకు మూడేళ్ల ముందే, 1906లో, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో రైబీస్ పొదల ఆకుల మీద దాన్ని చూశారు. ఆ పొదలను నాశనం చేశారు కానీ నారు దిగుమతి మాత్రం ఆగలేదు.

చెట్టు అమెరికాది, తెగులు ఆసియాది, రెంటికీ పరిచయం జరిగింది యూరప్‌లో. సైబీరియా, కొరియా, హిమాలయ ప్రాంతాల పైన్ జాతులు ఈ శిలీంధ్రంతో యుగాలుగా కలిసి బతికాయి. అది సోకినా అడవులకు అడవులు చావవు. యూరప్ వాళ్లు అమెరికా తెల్ల పైన్‌ను తమ తోటల్లోనూ అడవుల్లోనూ విరివిగా నాటుకున్నాక, తూర్పు నుంచి వచ్చిన తెగులుకు దాన్ని అసలు ఎదుర్కోలేని చెట్టు దొరికింది. 1854లో బాల్టిక్ ప్రాంతంలో దాన్ని తొలిసారి వర్ణించారు. శతాబ్దం ముగిసేసరికి ఉత్తర యూరప్ అంతటా పాకింది. అక్కడి నర్సరీల నుంచి ఓడ ఎక్కి, చెట్టు పుట్టింటికే చేరింది.

తుప్పు తెగుళ్లన్నిటిదీ ఒకటే స్వభావం: బతికున్న మొక్క మీద తప్ప బతకలేవు. చాలావాటికి ఒక్క మొక్క చాలదు కూడా. జీవితంలో కొంత ఒక జాతి మీద, మిగతాది దానితో ఏ చుట్టరికమూ లేని మరో జాతి మీద గడపాలి. క్రోనార్షియం రిబికోలాకు ఒక ఇల్లు ఐదాకుల పైన్, అంటే సూదుల్లాంటి ఆకులు ఐదేసి చొప్పున గుత్తులు కట్టే జాతి. రెండో ఇల్లు రైబీస్ ప్రజాతి పొదలు. మన ఐస్‌క్రీమ్ పార్లర్లలో ఊదా రంగులో దొరికే బ్లాక్‌కరెంట్ ఆ ప్రజాతిదే, గూస్‌బెర్రీ కూడా అదే. (మన ఉసిరిని ఇండియన్ గూస్‌బెర్రీ అంటారు కానీ దానికి ఈ పొదలతో సంబంధం లేదు.)

ఈ కాపురం నడిచే తీరు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నివారణ పద్ధతులన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. వసంతంలో జబ్బు పడ్డ పైన్ బెరడు పగిలి, పసుపు, నారింజ రంగుల పొక్కులు లేస్తాయి. వాటిలోని పొడి బీజాణువులే. గట్టి గోడలున్న ఆ బీజాణువులు గాలిలో వందల కిలోమీటర్లు పోగలవు, కానీ మరో పైన్‌కు అంటవు. రైబీస్ ఆకుల మీదే మొలుస్తాయి. వేసవి అంతా రైబీస్ ఆకుల అడుగున నారింజ రంగు పొడి తయారై పొద నుంచి పొదకు వ్యాపిస్తుంది. వేసవి చివర అదే ఆకు అడుగున గోధుమ రంగు వెంట్రుకల్లాంటివి మొలుస్తాయి. వాటి మీద పుట్టే చివరి రకం బీజాణువులు పైన్‌ను వెతుక్కుంటూ బయలుదేరతాయి. ఇవి చాలా సున్నితం. ఎండ తగిలితే చస్తాయి, గాలి పొడిగా ఉంటే చస్తాయి. మామూలుగా కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. చల్లదనం, తడి రెండూ దాదాపు రెండు రోజులు కలిసి ఉంటేనే పైన్ సూది మీది పత్రరంధ్రం లోంచి లోపలికి దూరగలుగుతాయి.

దూరాక తొందరేమీ లేదు. సూది నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి మానుకు బెరడు కిందుగా మెల్లగా పాకుతుంది. మూడు నాలుగేళ్లకు పొక్కులు లేస్తాయి. కొమ్మ చుట్టూ తిరిగిందంటే ఆ కొమ్మ ఎర్రగా ఎండిపోతుంది. పచ్చటి చెట్టులో ఆ ఎర్ర కొమ్మే తెగులుకు మొదటి జాడ. మాను చుట్టూ తిరిగిందంటే దాని పైభాగమంతా చస్తుంది. తెగులు సోకిన చోట బెరడులో చక్కెరలు పోగవుతాయి కనుక ఉడతలు, ఎలుకలు వచ్చి అక్కడే కొరుకుతాయి. చిన్న మొక్క రెండు మూడేళ్లలో పోతుంది, ముదురు చెట్టు దశాబ్దాలపాటు చస్తూ ఉంటుంది.

వ్యాధి తెలిసిన కొత్తలో అమెరికాకు దాన్ని ఆపే చట్టమే లేదు. విదేశాల నుంచి ఏ మొక్కనైనా ఎవరైనా తెప్పించుకోవచ్చు. వ్యవసాయ శాఖలో పెర్లీ స్పాల్డింగ్ వంటి వృక్షరోగ శాస్త్రవేత్తలు హెచ్చరించారు, నర్సరీ వ్యాపారులు అడ్డం తిరిగారు, చివరికి 1912లో మొక్కల క్వారంటైన్ చట్టం వచ్చింది. దాని కింద జారీ అయిన మొదటి ఉత్తర్వు ఈ తెగులు గురించే: యూరప్ నుంచి ఐదాకుల పైన్ నారు రాకూడదు. అప్పటికే ఆలస్యమైంది. ఫ్రాన్స్ నుంచి 1910లో వాంకూవర్‌కు చేరిన నారుతో తెగులు పశ్చిమ తీరంలోనూ కాలు పెట్టింది. అది వచ్చిందన్న సంగతి 1921 దాకా ఎవరికీ తెలియలేదు. ఖండాన్ని రెండు వైపుల నుంచీ పట్టేసింది.

బయటకు నెట్టే అవకాశం పోయాక మిగిలింది రెండిళ్లలో ఒకటి కూల్చడం. పైన్ విలువైనది, రైబీస్ అప్పటికి చిన్న పంట. పీకేస్తే సరి. తర్కంలో లోపం లేదు: పైన్ నుంచి పైన్‌కు తెగులు పాకదు, రైబీస్ నుంచి పైన్‌కు వచ్చే బీజాణువు దూరం పోలేదు. పైన్ తోట చుట్టూ కొన్ని వందల మీటర్ల మేర పొదలు లేకుండా చేస్తే చాలు. బ్లాక్‌కరెంట్ పెంచడాన్ని నిషేధించారు. 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగ యువకులకు పని కల్పించిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ శిబిరాల నుంచి వేలమంది అడవుల్లోకి వెళ్లారు. కొండవాలు మీద దారం లాగి చాళ్లుగా విభజించి, చాలు వెంట నడుస్తూ ఒక్కో పొదను వేళ్లతో సహా పెకలించారు. కోట్ల పొదలు పీకారు. 1960ల రెండో సగంలో పశ్చిమాన ఈ పని నిలిపేశారు. కేంద్ర నిషేధం కూడా 1966లో ఎత్తేసి, ఎవరి నియమాలు వాళ్లు పెట్టుకోమని రాష్ట్రాలకు వదిలేశారు.

ఈ ఉద్యమాన్ని చాలామంది ఒక్క మాటలో వైఫల్యం అని కొట్టేస్తారు. నేను ఒప్పుకోను. తూర్పున అది పనిచేసింది. మెయిన్ రాష్ట్రంలో 1980లలో లెక్క చూస్తే, పొదలు తీసేస్తూ వచ్చిన ప్రాంతాల్లో తెగులు సోకిన పైన్ చెట్లు తీయని చోట్ల కన్నా సగానికి పైగా తక్కువ. ఆ రాష్ట్రం తన నిషేధాన్ని వదులుకోలేదు కూడా. పశ్చిమాన ఓడిపోయింది, అందుకు కారణాలు స్పష్టం. అక్కడి కొండలు ఏటవాలు. రైబీస్ జాతులు ఎక్కువ, వాటిలో తెగులుకు తేలిగ్గా లొంగేవీ ఎక్కువ. మట్టిలో పడ్డ విత్తనాలు దశాబ్దాలు బతికి ఉండి, అడవి తగలబడ్డా, నేల కదిలించినా ఒక్కసారిగా మొలుస్తాయి. మిగిలిపోయిన వేరు ముక్క చాలు, పొద మళ్లీ చిగురిస్తుంది. పైగా పసిఫిక్ నుంచి వచ్చే పొగమంచు ఆ సున్నితమైన బీజాణువుకు మహా అనుకూలం. పదేళ్లలో సోకనంత తెగులు వేసవి చివర ఒక్క తడి వారంలో సోకుతుంది.

అన్నిటికీ మించి, శత్రువుకు మూడో ఇల్లు ఉందని ఆలస్యంగా తేలింది. కొండ గడ్డి మైదానాల్లో పూసే పెడిక్యులారిస్, కాస్టిల్లెజా మొక్కల మీద కూడా ఈ తెగులు సహజంగానే బతుకుతోందని ఐడహోలో గమనించి 2006లో ప్రచురించారు. ఆసియాలో ఇలా ఉంటుందని అప్పటికే తెలుసు, ఉత్తర అమెరికాలో ఎవరూ వెతకలేదు. అంటే ఒక్క రైబీస్‌ను పీకుతూ పోయినన్నాళ్లూ పక్కనే ఈ పూలు విరబూస్తూ ఉన్నాయి. మొత్తం తెగులులో వీటి వాటా ఎంతన్నది వేరే సంగతి. ఆశ్రయమొక్కలన్నీ తెలుసన్న ధీమాతో మొదలుపెట్టడమే తప్పు.

మన దేశంలో గోధుమ తుప్పు మీద కరమ్‌చంద్ మెహతా చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అమెరికాలో గోధుమ కాండం తుప్పును తగ్గించడానికి 1918 నుంచి దాని రెండో ఇల్లైన బార్బెర్రీ పొదలు పీకించారు, ఫలితం దక్కింది. బార్బెర్రీ హిమాలయాల్లోనూ ఉంది కాబట్టి అదే మంత్రం ఇక్కడా చదవొచ్చనిపిస్తుంది. ఆగ్రా కాలేజీలో పనిచేసిన మెహతా ఏళ్ల తరబడి పరిశీలించి, మన మైదానాల గోధుమకు ఏటా తెగులు వచ్చేది బార్బెర్రీ నుంచి కాదనీ, వేసవిలో కొండల మీది గోధుమ మొక్కలపై బతికి దిగివచ్చే బీజాణువుల నుంచనీ తేల్చారు. తెగులు ఒకటే అయినా దేశాన్ని బట్టి దారి మారుతుంది. పైన్ విషయంలో ఐడహో, మెయిన్‌ల మధ్య తేడా కూడా అలాంటిదే.

విస్కాన్సిన్‌లో యూజీన్ వాన్ ఆర్స్‌డెల్ ఈ స్థానిక తేడానే శాస్త్రంగా మలిచాడు. 1950లు, 60లలో ఆయన రాత్రిళ్లు పొగ వదిలి గాలి ఎటు పోతోందో చూశాడు. చల్లబడ్డ గాలి వాలు దిగి, సరస్సు మీదికి వెళ్లి, పైకి లేచి, తిరిగి ఒడ్డు మీదికి మళ్లుతుంది. బీజాణువులూ ఆ దారినే పోతాయి. రైబీస్ పొద పక్కనే ఉన్న పైన్‌కు సోకకుండా ఎక్కడో దూరపు గట్టు మీది పైన్‌కు సోకడంలోని మర్మం ఇదే. అడవిలో చెట్ల ఎత్తు కన్నా తక్కువ వెడల్పున్న ఖాళీలలో మంచు ఎక్కువ సేపు నిలుస్తుందనీ, అక్కడి పైన్ మొక్కలు ముందుగా జబ్బు పడతాయనీ ఆయన చూపించాడు. ఏ ప్రాంతంలో ముప్పు ఎంత అని మ్యాపు గీసి, ముప్పు తక్కువున్న చోట మామూలుగా నాటమని, ఎక్కువున్న చోట మరో చెట్టు చూసుకోమని చెప్పడం దాంతో మొదలైంది. ఖర్చు లెక్కలో దీన్ని మించిన నివారణ నాకు కనబడలేదు.

దాని తోడుగా కొమ్మలు కత్తిరించడం ఉంది. సోకేదంతా నేల నుంచి రెండున్నర, మూడు మీటర్ల ఎత్తు లోపే ఎక్కువ, ఎందుకంటే తడి నిలిచేది అక్కడే. లేత వయసులోనే కింది కొమ్మలు తీసేస్తే తెగులు మానుకు చేరే దారులు చాలావరకు మూసుకుపోతాయి. కొమ్మ మీద సోకిన పుండు మానుకు బెత్తెడు దూరంలోకి వచ్చేసిందంటే కత్తెర వృథా. ఈ పని మనిషి చేత్తో చేయాల్సింది, వేల ఎకరాల కొండల్లో అయ్యేది కాదు. ఊరి పక్కన పదెకరాల తోటకు మాత్రం ఇంతకన్నా మంచి సలహా లేదు.

మందుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1950ల చివర ఐడహో, మోంటానా అడవుల్లో సైక్లోహెక్సిమైడ్, ఫైటోయాక్టిన్ అనే యాంటీబయోటిక్‌లను మానులకు కొట్టారు, విమానాల నుంచి చల్లారు. తొలి ఫలితాలు చూసి సంబరపడ్డారు. కొన్నేళ్లు ఆగి మళ్లీ చూస్తే మందు కొట్టిన చెట్లకూ కొట్టని చెట్లకూ తేడా లేదు. 1960ల మధ్యకల్లా వదిలేశారు. తోటపని వేరు, అడవి వేరు. అనంతపురం వేరుశనగ రైతు నాలుగు నెలల్లోపు పంటకు ఒకటి రెండుసార్లు మందు కొట్టి తుప్పును అదుపు చేసుకుంటాడు. ఎనభై ఏళ్ల పంటకు, అదీ బెరడు లోపల దాక్కున్న శిలీంధ్రానికి, ఎవరు ఎన్నిసార్లు కొట్టగలరు? మందుకు చోటు నర్సరీలో ఉంది. అది తర్వాత వస్తుంది.

ఇక మిగిలింది చెట్టునే మార్చడం. ఈ కథకు కేంద్రం ఐడహో. పశ్చిమ తెల్ల పైన్ ఆ రాష్ట్ర వృక్షం, అగ్గిపుల్లల నుంచి తలుపుల దాకా అన్నిటికీ పనికొచ్చే చెట్టు. ఆ ప్రాంతంలో సుమారు 50 లక్షల ఎకరాల్లో అదే ప్రధానంగా ఉండేది. తెగులు, బెరడు పురుగులు, నరుకుడు, మంటలను ఆపేయడం కలిసి దాన్ని అందులో కొద్ది శాతానికి కుదించాయి. చచ్చిన అడవుల మధ్య అక్కడక్కడా నిక్షేపంగా నిలబడ్డ చెట్లను అటవీ శాఖకు చెందిన రిచర్డ్ బింగ్‌హామ్ గమనించాడు. అదృష్టంతో మిగిలాయా, వాటి రక్తంలోనే ఏదైనా ఉందా? 1950 నుంచి వాటి మధ్య సంకరాలు చేసి, పిల్లలకు కావాలని తెగులు అంటించి చూశారు. కొన్ని కుటుంబాల పిల్లలు నిజంగానే తట్టుకున్నాయి. ఐడహోలోని మాస్కో అనే ఊళ్లో విత్తన తోట పెంచారు. రెండో తరం విత్తనంతో నాటిన చెట్లు కొన్నిచోట్ల బాగా నిలిచాయి, తెగులు ఉధృతంగా ఉన్న చోట్ల ఆశించిన దానికన్నా ఎక్కువ సోకాయి. అయినా అడవిలో సహజంగా మొలిచిన వాటికన్నా ఇవి మెరుగే. ఇవాళ అక్కడ ఈ పైన్‌ను మళ్లీ నాటుతున్నారంటే ఆ పని పుణ్యమే.

కాలిఫోర్నియాలో కథ మరోలా నడిచింది. పైన్లన్నిటిలోకి ఎత్తైన షుగర్ పైన్‌లో ఒకే ఒక్క జన్యువు వల్ల నిరోధం వస్తోందని బోహన్ కిన్‌లాక్, సహచరులు 1970లో ప్రకటించారు. ఆ జన్యువున్న మొక్క సూదిలోకి శిలీంధ్రం దూరగానే చుట్టుపక్కల కణాలు తమను తామే చంపుకుంటాయి; బతికున్న కణం లేనిదే తుప్పు బతకలేదు కనుక అక్కడితో ఆగిపోతుంది. చక్కటి ఏర్పాటు, వెతకడం తేలిక, విత్తనంలో నింపడం తేలిక. 1970లు ముగియకముందే ఉత్తర కాలిఫోర్నియాలోని హ్యాపీ క్యాంప్ దగ్గర ఆ జన్యువున్న చెట్లు తెగులుతో చస్తూ కనబడ్డాయి. ఆ ఒక్క తాళాన్ని తీసే తాళంచెవి శిలీంధ్రంలో పుట్టింది. ఒరెగన్‌లోని ఛాంపియన్ మైన్ దగ్గర పశ్చిమ తెల్ల పైన్‌కూ అదే గతి పట్టింది. అక్కడ మరో జన్యువు, దాన్ని ఓడించే మరో రకం తెగులు.

వందల ఏళ్లు బతికే చెట్టు తన జన్యువులను మార్చుకోవడానికి తరాలు పడుతుంది. శిలీంధ్రానికి ఏటా కొత్త తరం. ఈ పందెంలో ఒక్క పెద్ద జన్యువు మీద డబ్బు పెట్టకూడదన్నది ఇప్పుడు ఈ రంగంలో ఇంచుమించు ఏకాభిప్రాయం, నేనూ అటే మొగ్గుతాను. దానికి బదులు చిన్న చిన్న లక్షణాలను పోగుచేస్తారు: జబ్బు పడ్డ సూదిని తొందరగా రాల్చేయడం, బెరడులో పుండు చుట్టూ గట్టి పొర కట్టడం, పుండు నెమ్మదిగా పెరగడం. ఏ ఒక్కటీ చెట్టును పూర్తిగా కాపాడదు. అన్నీ కలిస్తే చెట్టు జబ్బుతోనే ముసలిదవుతుంది, ఆసియా పైన్ల మాదిరిగా. ఒరెగన్‌లోని కాటేజ్ గ్రోవ్‌లో 1966 నుంచి పనిచేస్తున్న డొరేనా కేంద్రం ఈ పరీక్షలకు పేరు పొందింది. పొగమంచు నింపిన గదిలో వేల మొలకలు పేర్చి, వాటిపైన తీగ వలల మీద తెగులు పట్టిన రైబీస్ ఆకులు పరుస్తారు. బీజాణువులు వానలా రాలతాయి. తర్వాత ఏళ్ల తరబడి ఎన్ని చచ్చాయో, ఎన్ని ఎలా బతికాయో లెక్క. జన్యువులు చదివి ఈ కాలాన్ని కుదించాలన్న ప్రయత్నం ఉంది కానీ, షుగర్ పైన్ జన్యుక్రమం 3,100 కోట్ల అక్షరాలు, మనిషిదానికి పది రెట్లు. 2016లో దాన్ని చదివారు. ఉపయోగం మెల్లగా వస్తోంది.

రెండో ఇంటి వైపు జరిగిన సంకరాల సంగతి కూడా చెప్పాలి. కెనడాలోని ఒట్టావాలో ఒక ఆసియా రైబీస్ జాతి నుంచి నిరోధం తీసుకుని కాన్సార్ట్, కరోనెట్, క్రూసేడర్ అనే బ్లాక్‌కరెంట్ రకాలను తయారుచేశారు. వీటికి తెగులు రాదు కాబట్టి రైతులు నిర్భయంగా పెంచుకోవచ్చన్న ధైర్యంతోనే కొన్ని రాష్ట్రాలు నిషేధాలు సడలించాయి. న్యూయార్క్ 2003లో సడలించింది. తర్వాత కనెక్టికట్‌లో ఆ నిరోధాన్ని దాటే రకం తెగులు కనబడింది. ఇక్కడా అదే ఒక్క జన్యువు కథ.

అమెరికా దక్షిణాది వేరే ప్రపంచం. అక్కడ లాబ్లోలీ, స్లాష్ పైన్ తోటలు కాగితానికీ కలపకూ పెంచుతారు, పాతిక ముప్పై ఏళ్లకు కోస్తారు. వాటికి పట్టే తుప్పు మాను మీద కదురు ఆకారంలో ఉబ్బు తెస్తుంది. గాలివాన వస్తే చెట్టు అక్కడే విరుగుతుంది. దీని రెండో ఇల్లు ఓక్ చెట్లు. దక్షిణాదిలో ఓక్‌లు పీకాలనడం కోనసీమలో కొబ్బరి తీసేయాలన్నట్టు. అందుకే రైబీస్ లాంటి ఉద్యమం అక్కడ తలెత్తలేదు. ఇరవయ్యో శతాబ్దానికి ముందు ఈ తెగులు అరుదు. మంటలను ఆపేయడంతో ఓక్‌లు పెరిగాయి, తుప్పును బాగా తట్టుకునే లాంగ్‌లీఫ్ పైన్ స్థానంలో లొంగిపోయే జాతులు వేల ఎకరాల్లో నాటారు, తెగులు విరుచుకుపడింది. నేల బాగా దున్ని, ఎరువు వేసి, తొందరగా పెంచిన తోటల్లో ఇంకా ఎక్కువ వచ్చింది: తెగులుకు కావలసింది లేత చిగుళ్లు, అవి అక్కడ పుష్కలం.

దీన్ని తగ్గించిన తీరు ముచ్చటైనది. 1920లలో ఫిలిప్ వేక్‌లీ అనే అటవీ పరిశోధకుడు వేరువేరు రాష్ట్రాల లాబ్లోలీ విత్తనాలను లూసియానాలోని బొగలూసా దగ్గర పక్కపక్కనే నాటించాడు. చూడదలచుకున్నది ఎదుగుదల. దానితో పాటు తేలిన సంగతి, లూసియానాలోని లివింగ్‌స్టన్ పారిష్ విత్తనపు చెట్లకు తుప్పు చాలా తక్కువ. ఆ విత్తనం తర్వాతి దశాబ్దాల్లో తూర్పు రాష్ట్రాల దాకా వెళ్లింది. ఆపైన నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ దగ్గర పరీక్షా కేంద్రం పెట్టి, ఏ చెట్టు పిల్లలు ఎంత తట్టుకుంటాయో మొలక దశలోనే చూసి, తట్టుకోలేని వంశాలను తీసేస్తూ వచ్చారు. ఇక్కడా ఒక పెద్ద నిరోధక జన్యువు దొరికింది, దాని స్థానాన్ని 1996లో గుర్తించారు, దాన్ని దాటే తెగులు రకాలూ ఉన్నాయి. కానీ పాతిక ముప్పై ఏళ్లకు కోసే తోటలో ఓడిన విత్తనాన్ని మార్చుకునే వీలుంది. ఆ వీలు అడవికి లేదు. మందు గెలిచిందీ ఈ దక్షిణాదిలోనే: నర్సరీ మడుల్లో ట్రయాడిమెఫాన్‌తో విత్తనశుద్ధి, పిచికారీ చేస్తే నారు ఆరోగ్యంగా బయటికి వస్తుంది. నారు మడిలో సోకిన మొక్క తోటలో ఎలాగూ బతకదు కనుక ఈ కాస్త మందు ఖర్చు తేలిగ్గా తిరిగొస్తుంది.

సూదుల తుప్పుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కోలియోస్పోరియం జాతులు వసంతంలో పైన్ సూదులను తెల్లటి పొక్కులతో నింపుతాయి, చామంతి కుటుంబపు కలుపు మొక్కల మీద మిగతా కాలం గడుపుతాయి. చూడటానికి భయంగా ఉంటుంది, చెట్టుకు జరిగేది స్వల్పం. మందు కొట్టడం డబ్బు దండగ.

కలవరపెట్టేవి ఒకే ఇంట్లో బతకగల తుప్పులు. ఉత్తర అమెరికా పశ్చిమాన కొమ్మల మీద గుండ్రటి బుడిపెలు తెచ్చే తుప్పు పైన్ నుంచి నేరుగా పైన్‌కు పాకుతుంది. పీకడానికి రెండో ఇల్లే లేదు. స్వీడన్, ఫిన్లాండ్, స్కాట్లాండ్‌లలో స్కాట్స్ పైన్ తలను జిగురుతో ముంచి చంపే తుప్పు కొన్నిచోట్ల రెండిళ్లలో, కొన్నిచోట్ల ఒక్క పైన్ మీదే బతుకుతుంది. న్యూజిలాండ్ నాటిన అడవిలో తొంభై శాతం దాకా రేడియేటా పైన్. అది కాలిఫోర్నియా చెట్టు, బుడిపెల తుప్పుకు బాగా లొంగుతుంది. ఆ దేశం దాన్ని రాకుండా చూసుకోవడం మీద అంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే. ఈ తుప్పులు గింజలో ప్రయాణం చేయవు, బతికున్న కొమ్మలోనో నారులోనో వెళతాయి. విత్తనం తెచ్చుకుని నారు మనమే పోసుకోవాలన్న నియమం 1900 నాటి అమెరికాకు ఉండి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

హిమాలయాల్లో పరిస్థితి వేరు. అక్కడి చీర్ పైన్‌కు సొంత తుప్పు ఉంది: క్రోనార్షియం హిమాలయెన్సే. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో శిలీంధ్ర శాస్త్రవేత్త కె.డి. బాగ్చీ దాని జీవితచక్రాన్ని విప్పి, రెండో ఇల్లు చిరాయతా కుటుంబపు స్వెర్టియా మొక్కలని చూపాడు. లేత చీర్ మొక్కల కాండం మీద పుండు తెస్తుంది. పెద్ద అడవిని తుడిచిపెట్టినట్టు దాఖలా లేదు. నర్సరీ చుట్టూ, కొత్తగా నాటిన చోటా స్వెర్టియాను తీసేయడం ఇక్కడ తెలివైన పనే: ఆ మొక్కకు రైబీస్ లాంటి గట్టి కాండం, దశాబ్దాల మొండితనం లేవు. కొంచెం పైన ఎత్తుల్లో పెరిగే నీలి పైన్ ఐదాకుల జాతే, రిబికోలా తుప్పును కొంత తట్టుకుంటుంది. అందుకే సంకరాలు చేసే విదేశీ శాస్త్రవేత్తలకు అది పనికొచ్చింది.

తెలుగు నేలలో పైన్ అంటే అరకు దారిలో సందర్శకులు ఫోటోలు దిగే తోపులే. అదే కొండల్లో కాఫీ ఆకుకు వచ్చే తుప్పు మాత్రం గిరిజన రైతు జేబుకు తగిలేది. అది ఈ తెగుళ్ల గణానికే చెందినది, దాని రెండో ఇల్లు ఇప్పటిదాకా దొరకలేదు. వేరుశనగ తుప్పుకూ అంతే. అందుకే ఈ రెండు పంటల్లో దారి రెండే: తట్టుకునే రకం, లేకుంటే మందు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వేరుశనగ తుప్పు మీద జరిగిన సంకరాల కృషిలోనూ ముఖ్యంగా నమ్ముకున్నది తెగులును ఆలస్యం చేసే నెమ్మది నిరోధాన్నే.

ఇప్పుడు ఈ పోరులో బరువంతా వైట్‌బార్క్ పైన్ మీద పడింది. రాకీ పర్వతాల్లో చెట్ల ఎల్లకు దగ్గరగా, మంచు గాలుల్లో పెరిగే ఈ ఐదాకుల పైన్‌కు కలప విలువ లేదు. దాని కాయలు వాటంతట అవి విచ్చుకోవు. క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే పక్షి గింజలు ఏరి నేలలో దాచుకుంటుంది, మరిచిపోయినవి మొలుస్తాయి. ఉడతలు పోగుచేసిన గింజలను గ్రిజ్లీ ఎలుగుబంట్లు దోచుకు తింటాయి. తుప్పు, బెరడు పురుగు, వేడెక్కుతున్న వాతావరణం కలిసి దాన్ని ఖాళీ చేస్తున్నాయి. కెనడా 2012లో, అమెరికా 2022 డిసెంబరులో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చాయి. అది పెరిగే నేలలో గణనీయమైన భాగం చేయి పెట్టకూడదని చట్టం రక్షించే వన్య ప్రాంతాల్లో ఉంది. అక్కడ మనిషి పెంచిన నారు నాటవచ్చా అన్నదాని మీద వాదన తేలలేదు. నాటాలనే నా పక్షం, ఎందుకంటే ఆ తెగులును తెచ్చిందీ మనిషే.

పని మాత్రం సాగుతోంది. జబ్బు సోకని తల్లి చెట్లను గుర్తించి, వేసవి మొదట్లో పైకెక్కి కాయలకు తీగ గూళ్లు తొడుగుతారు, లేకుంటే పక్షి ఒక్క గింజా మిగల్చదు. శరత్కాలంలో మళ్లీ ఎక్కి కోసుకుంటారు. డొరేనా వంటి చోట్ల ఆ పిల్లలను పరీక్షిస్తారు. కొన్ని తల్లుల పిల్లల్లో మంచి నిరోధం కనబడుతోంది, పసిఫిక్ వాయవ్య ప్రాంతపు చెట్లలో ముఖ్యంగా. నాటిన మొక్క కాయ కాయడానికి పాతిక ముప్పై ఏళ్లు, విరగకాయడానికి అరవై పైన. అప్పటిదాకా విత్తనానికి ఆధారం ఆ తల్లి చెట్లే. వాటి మానుకు బెరడు పురుగును తరిమే వెర్బినోన్ వాసన పొట్లాలను ఏటా వేసవిలో మేకులతో బిగించి వస్తున్నారు.